గబ్బిలం కరిచిన వేలు

మొన్న శుక్రవారం దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని మా ఫ్లాటులో, జంతుశాస్త్రం చదువుతున్న మనవరాలు దక్షిణ అమెరికాలో పశువుల నెత్తురు తాగి బతికే గబ్బిలాల గురించి చదివి వినిపించింది. వాటి గుంపుల్లో రేబిస్ వైరస్ తిరుగుతూనే ఉంటుందట, అయినా సోకినవన్నీ చావవట, చాలావాటి నెత్తురులో దాన్ని ఎదుర్కొని బయటపడిన గుర్తుగా యాంటీబాడీలు దొరుకుతాయట. మనిషికి ఆ అదృష్టం లేదు, జబ్బు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు అని చెబుతూ ఉండగానే నాకు ఒక వేలు గుర్తొచ్చింది.

ఖతార్ వచ్చిన కొత్తలో, దోహాకి దక్షిణంగా ఎడారంచున ఒక కంపెనీ క్యాంప్ క్లినిక్‌లో నర్సుగా ఉండేవాణ్ణి. ఒక మధ్యాహ్నం కరీంనగర్ వైపు నుంచి వచ్చిన గోడౌన్ పనివాడు తలనొప్పి మాత్ర కోసం వచ్చి, బల్ల మీద కూర్చుని, మాటల మధ్యలో, పొద్దున రేకుల కింద వేలాడుతున్న గబ్బిలాన్ని తీయబోతే కరిచిందని నవ్వుతూ వేలు చూపించాడు. సూది మొనంత గాటు. ఆసుపత్రికి పోదాం పద అంటే కదలడే.

"కుక్క గాదు గద సార్, గబ్బిలమే. డ్యూటీ ఇడిసి పోతే ఫోర్‌మెన్ ఊకుంటడా?"

నేను వాదించలేదు. ముందు గాటు కడగాలని చెయ్యి పట్టుకుని నా గదికి తీసుకెళ్ళాను. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు గనుక, తెల్లవారుజామునే గదిలో పట్టిపెట్టుకున్న బకెట్ నీళ్ళు మగ్గుతో పోస్తూ, సబ్బు రాసి పావుగంట కడిగాను. అంతసేపు చెయ్యి పట్టుకుని ఉంటే ఏ మనిషైనా మాట్లాడతాడు. చిన్నప్పుడు వాళ్ళ మేనమామని పిచ్చికుక్క కరిచిందనీ, నెల దాటాక నీళ్ళ చెంబు చూస్తేనే వణికిపోయేవాడనీ, మూడో రోజుకి పోయాడనీ చెప్పాడు. చెప్పి, నా మగ్గులోని నీళ్ళకేసి చూశాడు.

"గబ్బిలంతోని గూడ గదే అయితదా సార్?"

"అవ్వచ్చు. కానీ ఇంకా టైముంది. సూదులన్నీ వేయించుకుంటే నీకేం కాదు."

ఆ మాట అంత ధీమాగా అన్నందుకు నాకు అప్పుడూ సంకోచం లేదు, ఇప్పుడూ లేదు. వ్యాన్ మాఫీ, డ్రైవర్ మాఫీ అని, అంటే రెండూ లేవని, చేతులూపిన ఫోర్‌మెన్ ఎదుట, వ్యాన్ తాళాలు ఇచ్చేదాకా నిలబడ్డాను. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో గాటు చుట్టూ మందు సూదులు, జబ్బకి మొదటి టీకా పడ్డాయి. మిగతా టీకాలకి నేనే వెంటబెట్టుకు వెళ్ళాను. గబ్బిలం ఎగిరిపోయింది గనుక దానికి జబ్బుందో లేదో ఎవరికీ తెలియదు. అతను మాత్రం చాలా ఏళ్ళు అక్కడే పనిచేసి, ఊరికి శాశ్వతంగా వెళ్ళిపోయే ముందు నన్ను వెతుక్కుంటూ వచ్చి కనిపించి వెళ్ళాడు.

ఇప్పుడు ఫోనులో ఫొటో పంపితే ఏ ఆసుపత్రికి వెళ్ళాలో క్షణంలో చెప్పేస్తారు. మంచిదే, ఆ సదుపాయం అప్పుడుంటే నేనూ సంతోషించేవాణ్ణి. కాకపోతే, తలనొప్పి మాత్ర కోసం వచ్చిన మనిషి, ఎవరూ అడగని సంగతి కూడా చెప్పేంతసేపు కూర్చునే బల్ల ఈ రోజుల్లో నాకెక్కడా కనిపించడం లేదు.