శ్రీకారం దగ్గరే విరిగింది

ఇనుము ఒక్క దెబ్బకు విరగదు. తాను మోయగలిగిన బరువే మళ్లీ మళ్లీ పడుతుంటే, లోపల సన్నటి పగులు పుట్టి, ఎవరికీ చెప్పకుండా పెరిగి, ఒకరోజు పుటుక్కుమంటుంది. అది ఎక్కడ పుడుతుందో, ఎన్నాళ్లకు తెగుతుందో ముందే లెక్కగట్టడం నా ఉద్యోగం. పడిన గాటును ఇనుము మరిచిపోదు. ఆ ఒక్క గుణంలో దానికీ నాకూ బాగా కుదిరింది.

మా ఆఫీసు బ్రూక్‌ఫీల్డ్‌లో. ఎలక్ట్రిక్ బస్సు చక్రాన్ని పట్టి ఉంచే ఉక్కు ఆర్మ్‌కు ఆయుష్షు లెక్కగట్టి సంతకం పెట్టాను. మొదటి పీసు, దాన్ని రాత్రీ పగలూ వంచి లేపే టెస్ట్ మెషీన్ ఎక్కేరోజు మా మేనేజర్ కొబ్బరికాయ కొట్టి, ఉలీ సుత్తీ తీసుకుని దాని మీద ‘శ్రీ’ చెక్కడం మొదలుపెట్టాడు. నగర్తపేటలో వాళ్ల నాన్న బీరువాలు చేసేవాడట. ప్రతి కొత్త రకంలో మొదటి బీరువా మీద అలాగే చెక్కేవాడట. బీరువా రోజంతా వంగి లేస్తుందా? ఈయన చెక్కుతున్నది ఆర్మ్ అన్నిటికన్నా ఎక్కువ సాగే చోట.

“సార్, అక్కడ గాటు పడితే క్రాక్ అక్కడే స్టార్ట్ అవుతుంది. కుంకుమతో రాయండి, చాలు,” అన్నాను.

ఆయన సుత్తి ఆపలేదు. “దేవుని పేరు రాస్తే ఉక్కు ఇరుగుతాదా తల్లీ? నీ కంప్యూటర్ కంటే ముందునుంచీ ఉండాది ఈ పద్ధతి.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది ముందే విరిగితే తప్పు నా లెక్కదే అంటారు, పోయేది నా సంతకం పరువు. వేరే పీసు పెట్టమని మళ్లీ అడిగితే నన్ను ఆ టెస్ట్ పని నుంచే తప్పించాడు. ఆ తర్వాత రోజూ మెషీన్ చప్పుడు వింటూ, అది విరగాలనే కోరుకున్నాను. ఆయన చెక్కిన చోటే విరగాలని కోరుకున్నాను.

నేను చెప్పిన గడువుకు చాలా ముందే విరిగింది. లెక్క నాది కాబట్టి నన్నూ పిలిచిన మీటింగులో, కస్టమర్ తరఫు ఇంజినీరు ముందు మేనేజర్ తడుముకోకుండా, “లెక్క తప్పింది సార్. అమ్మాయికి అనుభవం తక్కువ,” అన్నాడు.

నేను విరిగిన ముక్కను బల్ల మీద పెట్టి, ఆ ఇంజినీరుకు భూతద్దం అందించాను. తెగిన ముఖం మీద, వర్తూరు చెరువు తగ్గేటప్పుడు గట్టున పడే నీటి గీతల్లాంటి వంపులు. అన్నీ ‘శ్రీ’ చివరి మెలిక దగ్గర మొదలయ్యాయి.

“ఇదెవరు చెక్కారు?” అని అడిగాడు ఆ ఇంజినీరు.

నేను ముక్కను మేనేజర్ వైపు జరిపాను. ఆ మాట ఆయన నోటినుంచే రావాలి. మేనేజర్ మెడ తుడుచుకున్నాడు. “నేనే సార్. మా ఆనవాయితీ,” అన్నాడు చివరికి. నవ్విన నాపచేనే పండింది. నాకు జాలి కలగలేదు, హాయిగా ఉండింది.

ఎందుకు విరిగిందో రిపోర్టు రాయమని ఆ ఇంజినీరు నాకే అప్పగించాడు. సాయంత్రం మేనేజర్ నా సీటు దగ్గరికొచ్చాడు. “రిపోర్టులో దేవుని పేరు ఎందుకు తల్లీ, బాగుండదు. తీసేయి.”

“సరే సార్, తీసేస్తాను,” అన్నాను.

ఆయన హమ్మయ్య అనుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు. పగులుకు కారణం అన్న చోట ‘శ్రీ’ చెరిపేసి, ఉలితో గాటు పెట్టినవారు అని రాసి, ఎదురుగా ఆయన పేరు ఇంటిపేరుతో సహా టైపు చేసి, స్క్రీన్ ఆయన వైపు తిప్పాను.