పదిహేడు తెలుపులు తెలిసిన మనిషి

రంగుల కంపెనీలో అందరూ ఆయన్ని షేడు మాస్టారు అనేవారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయనది ఒకటే పని. కిటికీలు లేని గదిలో, బూడిదరంగు గోడల మధ్య, పరీక్ష దీపం కింద రెండు అట్టముక్కలు పక్కపక్కన పెట్టి, డబ్బాలో రంగూ నమూనాలో రంగూ ఒకటేనా కాదా అని తేల్చాలి. యంత్రం సరేనన్నా సరే, మాస్టారు తల అడ్డంగా ఊపారంటే ఆ బ్యాచి గేటు దాటేది కాదు. తెలుపులోనే పదిహేడు రకాలు చూపుతో పట్టేస్తారని ప్రతీతి. ఎవరింటికైనా వెళితే టీ కప్పు చేతికి రాకముందే, "ఈ గోడకి రెండు డబ్బాలు వాడారు కదూ? కిటికీ పక్కనుంచి రెండోది మొదలైంది," అనేవారు. అందుకే కొత్తగా రంగులు వేయించుకున్న బంధువులు ఆయన్ని పిలవడానికి కొంచెం జంకేవారు.

సముద్రం ఆయన ఇంట్లోకి పంటినొప్పి దారిన వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం గంటన్నర కూర్చోవాల్సి వచ్చినప్పుడు, ఆ హాల్లో ఉప్పునీటి గాజుతొట్టి కనిపించింది. అందులో పగడపు జీవులు, డాక్టరు మాటల్లో కోరల్స్, నీలి దీపం కింద ఆకుపచ్చగా, ఊదాగా, నారింజగా మెరుస్తున్నాయి. అలాంటి రంగులు ఏ నమూనా అట్టమీదా మాస్టారు చూసి ఎరగరు. పన్ను పీకించుకున్నాక దవడ పట్టుకుని బయటికి వచ్చి, నోరు సగమే తెరుచుకుంటున్నా, "ఇవి పెంచడం ఎలాగండీ?" అని అడిగారు. ఆ ఊళ్ళోని ఉప్పునీటి తొట్ల సంఘానికి పళ్ళ డాక్టరే అధ్యక్షుడు. సభ్యులు పదకొండు మంది. ఆ సాయంత్రానికి పన్నెండు.

నెల తిరిగేసరికి మాస్టారి హాల్లో దివాన్ మంచానికి ఎదురుగా నాలుగడుగుల తొట్టి వెలిసింది. దాని పైన నల్లటి ఎల్‌ఈడీ దీపం తీగలతో వేలాడుతుంది. తొట్టి అమర్చిన కుర్రాళ్ళు దీపాన్ని నలభై శాతంలో పెట్టి, "దీన్ని ముట్టుకోకండి సార్. పెంచాలంటే నెలల మీద, కొద్దికొద్దిగా," అని చెప్పి వెళ్ళారు.

ముట్టుకోకండి అన్నారు గానీ, మీట ఫోన్లోనే ఉంది. నీలానికి ఒక గీత, తెలుపుకి ఒక గీత, వేలితో పైకి తోస్తే చాలు. ఇరవై రెండేళ్ళు రంగులు సరిదిద్దిన మనిషి చేతికి ఆ గీతలు దొరకడం కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది. నలభై శాతంలో కోరల్స్ హాయిగానే ఉన్నాయి. కాకపోతే గోధుమరంగులో ఉన్నాయి. గోధుమరంగు మాస్టారికి అవమానంగా తోచింది. నలభై కాస్తా యాభై అయింది, అరవై ఐదైంది, మూడో నెలకి తొంభై దాటింది.

కోరల్ చూడటానికి రాయిలా ఉన్నా ప్రాణమున్నదే. దాని ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. వెలుతురుతో వంట చేసి ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ నాచే. వెలుతురు మరీ ఎక్కువైతే అన్నం పెట్టే నాచునే కోరల్ బయటికి గెంటేస్తుంది. దానితోపాటు రంగూ పోయి తెల్లబడుతుంది. ఈ సంగతి మాస్టారికి తెలియక కాదు. అట్టకట్టిన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. కానీ తన కోరల్స్ తెల్లబడుతుంటే మాత్రం ఆయనకి అది కొత్త షేడులా కనిపించింది.

"చూశావా, లేతపాల ఊదా. ఇలాంటిది తేవాలంటే మా ల్యాబులో వారం పడుతుంది," అన్నారు భార్యతో.

ఆమె రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తుంది. రోజుకి అరవై చేతులు చూస్తుంది. తొట్టిలోకి వంగి చూసి, "లేతపాలా ఏమిటండీ, ఒంట్లో రక్తం లేనట్టున్నాయి," అంది.

"నీకు అలాగే కనబడతాయిలే."

తెల్లదనం ముదిరేసరికి ఆయనకీ గుబులు పట్టుకుంది. ఉప్పు మార్చారు, మేత మార్చారు, నీళ్ళు తిప్పే మోటారు మార్చారు. దీపం జోలికి మాత్రం వెళ్ళలేదు. వెళ్ళినా పైకే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అలాంటి రోజుల్లో అత్తగారు వచ్చారు. కంటి శుక్లం ఆపరేషను చేయించుకున్నారు. రెండు నెలలు కూతురి దగ్గర ఉండి, చుక్కల మందు వేయించుకుంటూ విశ్రాంతి తీసుకోవాలి. ఆవిడ ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. నల్లకళ్ళద్దాలు, చేతిలో మందుల సంచి, తక్కువ మాటలు. ఇంట్లో ఉన్న ఒక్క పడకగదీ కూతురిదీ అల్లుడిదీ కాబట్టి హాల్లో దివాన్ ఆవిడకి దక్కింది.

మొదటిరోజే ఇబ్బంది మొదలైంది. పగలు కాసేపు నడుం వాల్చితే, తొట్టి నీళ్ళమీంచి ఎగిరిన వెలుతురు ఇంటికప్పు మీద అలలు అలలుగా ఆడుతోంది. కళ్ళు మూసుకున్నా రెప్పల వెనక అదే ఆట.

"అల్లుడుగారూ, పడవలో పడుకున్నట్టుంది. మధ్యాహ్నం పూట ఆ దీపం కాస్త తగ్గిస్తారా?" అని అడిగారు.

మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని ముప్పావుగంట వివరించారు. నీలి కిరణం ఎంత లోతుకి వెళుతుందో, తెల్ల కిరణం ఎక్కడ ఆగుతుందో కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. ఆవిడకి అప్పటికి ఒక కంటికి కట్టు ఉంది.

"కాబట్టి అత్తయ్యగారూ, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా ఒక్క శాతం తగ్గడానికి వీల్లేదు. ప్రాణాలండీ, మరి."

"సరే బాబూ, ప్రాణాలంటున్నారుగా," అన్నారు అత్తగారు.

మర్నాడు అల్లుడు ఆఫీసుకి వెళ్ళగానే, ఆవిడ సంచిలోంచి పాత పల్చటి తెల్లగుడ్డ తీశారు. రెండు మడతలు వేసి, చేపలు ఎగిరి బయటపడకుండా తొట్టిమీద బిగించిన వల మీద పరిచారు. ఇంటికప్పు మీద అలలు ఆగిపోయాయి. ఆవిడ సుఖంగా నిద్రపోయారు. సాయంత్రం ఐదింటికి గుడ్డ తీసి, మడతపెట్టి, మళ్ళీ సంచిలో పెట్టేశారు. ఐదున్నరకి అల్లుడు వచ్చారు.

మూడోరోజు పని ముగించుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చిన కూతురు అది చూసింది.

"అమ్మా! ఆయన చూస్తే ఇల్లు పీకి పందిరేస్తారు."

"చూడరులే. ఇటు రా, దీన్ని చూడు." వేళ్ళలాంటి కొసలున్న కోరల్ ఒకటి, రోజంతా పిడికిలి బిగించుకుని ఉండేది, గుడ్డ నీడలో వేళ్ళన్నీ చాపి ఊగుతోంది. "మా వార్డులో కామెర్లున్న పిల్లల్ని ఇలాంటి నీలిదీపం కిందే పడుకోబెట్టేవాళ్ళం. దీపం మంచిదే. కానీ ఎంత దూరం, ఎంతసేపు అన్న లెక్క ఉండేది. కళ్ళకి గుడ్డ కట్టకుండా ఏ బిడ్డనీ పెట్టేవాళ్ళం కాదు. వీటికి కళ్ళుండవేమో గానీ, ఒళ్ళుందిగా."

"మరి ఆయనతో చెప్పు."

"ముప్పావుగంట చెప్పించుకున్నాక చెప్పడానికి ఓపిక ఉండొద్దూ?"

కూతురు కాసేపు ఆలోచించి, తన నోరు కూడా మూసుకోవడమే మేలనుకుంది.

మూడు వారాలు తిరిగేసరికి కోరల్స్ కోలుకున్నాయి. ముందు లేత గోధుమరంగు వచ్చింది, తర్వాత అంచుల్లో ఆకుపచ్చ. మాస్టారి ఆనందానికి హద్దుల్లేవు. రోజూ సాయంత్రం ఐదున్నరకి చెప్పులు విప్పకుండానే తొట్టి ముందు నిలబడి పుస్తకంలో మార్కులు వేసేవారు. తొంభై రెండు శాతం, ప్లస్ కొత్త ఉప్పు: అద్భుతం. ఒక్క సంగతి మాత్రం అంతుపట్టలేదు. వారమంతా విచ్చుకున్నవి ఆదివారం ముడుచుకుపోతున్నాయి. నాలుగు ఆదివారాలు వరసగా రాసిపెట్టుకున్నాక ఆయనకి అనుమానం తన మీదికే వెళ్ళింది. చప్పుడనుకుని టీవీ ఆపేశారు. అడుగుల అదురనుకుని హాల్లో పిల్లిలా నడిచారు.

"నేను ఇంట్లో ఉంటే వీటికేదో ఇబ్బందిగా ఉందోయ్," అన్నారు దిగులుగా.

"ఆదివారం కూడా ఆఫీసుకెళ్ళి చూడండి," అంది భార్య. అత్తగారు నల్లకళ్ళద్దాలు సర్దుకున్నారు.

ఆ నెల సంఘం సమావేశంలో మాస్టారు తన పద్ధతి మీద గంటసేపు మాట్లాడారు. మొదట దెబ్బతిన్న కోరల్స్ అధిక కాంతికి క్రమంగా అలవాటుపడి ఎలా కోలుకున్నాయో ఫొటోలతో చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. పళ్ళ డాక్టరు రాత్రిదాకా ఆగలేక సమావేశంలోంచే ఫోన్లో తన తొట్టి దీపాన్ని తొంభై రెండుకి తోసేశారు.

ఆ మరుసటి వారం అత్తగారి కన్ను పూర్తిగా నయమైంది. మందుల సంచీ, అందులో గుడ్డా తీసుకుని ఆవిడ తన ఇంటికి వెళ్ళిపోయారు.

పది రోజుల్లో తొట్టి మళ్ళీ పాలిపోయింది. ఈసారి మాస్టారు ఏ షేడు పేరూ పెట్టలేదు. వేళ్ళ కోరల్ వేళ్ళు ముడిచి, ఒక్కో కొసా కరిగి రాలిపోతుంటే, తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చుని చూస్తూ ఉండేవారు. భోజనానికి పిలిస్తే కూడా వినపడేది కాదు. ఒక సాయంత్రం వచ్చేసరికి దాని తెల్లటి ఎముకలగూడే మిగిలింది. దాన్ని బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని, ఆ తెలుపేమిటో పోల్చుకోవడానికి ప్రయత్నించారు. పదిహేడింటిలో ఒకటీ తట్టలేదు. అదే సమయంలో పళ్ళ డాక్టరు ఫోను.

"మాస్టారూ, మీ పద్ధతి పెట్టాక నావి సగం పోయాయి. క్లినిక్‌లో పేషెంట్లు తొట్టి చూసి నా చేతినే అనుమానిస్తున్నారు. మీవి ఎలా ఉన్నాయి?"

"చూస్తున్నానండీ," అన్నారు మాస్టారు.

ఆదివారం పొద్దున అత్తగారు ఫోన్ చేశారు. కూతురు స్నానంలో ఉంటే మాస్టారే ఎత్తారు. కుశలమడిగాక ఆవిడ, "తొట్లో పిల్లలెలా ఉన్నాయి బాబూ?" అన్నారు.

"ఏం బాగుంటాయి అత్తయ్యగారూ. ఒకటి పోయింది."

"అయ్యో! అదేం, గుడ్డ కప్పట్లేదా? అమ్మాయి చెప్పే ఉంటుందనుకున్నా."

"ఏ గుడ్డండీ?"

ఆవిడ నర్సు గొంతుతో, రోగి బంధువుకి చెప్పినట్టు, మొదటినుంచి చివరిదాకా చెప్పారు. ఎన్నింటికి కప్పిందీ, ఎన్నింటికి తీసిందీ, ఆదివారాలు ఎందుకు కుదరలేదో కూడా. "మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదు. నిద్ర పట్టక మొదలుపెట్టా. అవి బాగుపడుతుంటే మానబుద్ధి కాలేదు."

భార్య తల తుడుచుకుంటూ వచ్చేసరికి మాస్టారు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"రక్తం లేదన్నాగా. విన్నారా?"

మాస్టారు పళ్ళ డాక్టరు దగ్గర నీళ్ళలో ముంచే లైట్ మీటరు అరువు తెచ్చి, వలమీద అలాంటి గుడ్డే రెండు మడతలు పరిచి కొలిచారు. వెలుతురు సగానికన్నా తక్కువే పడుతోంది. గుడ్డ తీసేసి, మీటరు అదే అంకె చూపించేదాకా ఫోన్లో గీత కిందికి జరుపుతూ వచ్చారు. జరిపి జరిపి ఎక్కడ ఆగిందో చూసి చాలాసేపు ఆ అంకె వంకే చూస్తూ ఉండిపోయారు. నలభై. తొట్టి బిగించిన కుర్రాళ్ళు పెట్టి వెళ్ళినదే.

తరువాతి సమావేశంలో లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పారు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి గానీ ఒక్క ముక్క దాచలేదు. నవ్వుతారనుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పెన్నులు తీశారు.

"గుడ్డ నూలుదా, పట్టుదా?" అన్నాడొకాయన.

"ఉతికిందా, కొత్తదా? గంజి పెట్టారా?"

"మీరు అసలు విషయం వదిలేస్తున్నారు," అన్నారు మాస్టారు. "దీపం తగ్గిస్తే గుడ్డతో పనే లేదు."

"అలా తేలిగ్గా తీసెయ్యకండి," అన్నారు పళ్ళ డాక్టరు గంభీరంగా. "అందులో ఏదో ఉంది. ఆవిడ నంబరు ఇవ్వండి."

ఇచ్చారు. అప్పటినుంచి ఆ ముసలావిడకి తీరిక లేకుండా పోయింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఫోన్ చేసి కోరల్ లక్షణాలు చెప్పేవారు. ఆవిడ ఓపిగ్గా వినేవారు. "దీపం ఎంతలో పెట్టారు బాబూ? తగ్గించండి. వారం చూసి చెప్పండి," అనేవారు. సంఘం వాళ్ళు తగ్గించారు, కోరల్స్ కోలుకున్నాయి, ఆవిడ చేతివాసి గొప్పదన్నారు. చివరికి పదకొండు నుంచి పన్నెండు దాకానే ఫోన్లు చెయ్యాలని ఆవిడ వేళలు పెట్టుకున్నారు.

మాస్టారి తొట్టిలో మిగిలినవి నలభై శాతంలో గోధుమరంగుకి తిరిగి, మెల్లగా పచ్చబడ్డాయి. ఆదివారాలు కూడా విచ్చుకునే ఉంటున్నాయి. ఆయన మాత్రం రెండు నెలలు ఓర్చుకున్నాక, రెండు శాతం పెంచితే ఏమవుతుందా అని ఫోన్లో గీత మీద వేలు పెట్టారు. మళ్ళీ తీసేసి, ఎందుకైనా మంచిదని అత్తగారికి ఫోన్ కలిపారు. టైము పదకొండూ ఇరవై. లైను బిజీ. పావుగంటాగి చేశారు, బిజీ. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా చేశారు, ఇంకా బిజీయే. పన్నెండు దాటాక ఆవిడ అల్లుడి ఫోను కూడా ఎత్తరు. అందువల్ల ఆ రోజుకి నలభై నలభైగానే ఉండిపోయింది.