కళ్లతో ఇచ్చిన వాంగ్మూలం

అబిడ్స్‌లో నేను పనిచేసే బట్టల షాపులో ఆ ఉదయం చీర మడత పెడుతుంటే, నేల ఒక పక్కకు ఒరిగినట్టయింది. మెడ వెనక పొడిచినంత నొప్పి. అంతకు రెండు రోజుల ముందు, నాంపల్లిలో మా కిరాయి ఇంట్లో, నా భర్త నన్ను గోడకు అదిమి గొంతు పిసికాడు. హిమాయత్‌నగర్‌లో మా సలోమి అక్క దగ్గరికి వెళ్లిపోతానన్నందుకు. కళ్లు బైర్లు కమ్మేదాకా వదల్లేదు. మెడ మీద మచ్చ పడలేదు కాబట్టి ఏమీ కాలేదనుకున్నాను. ఇప్పుడు కౌంటర్ దగ్గరే కూలిపోయాను.

తెలివి వచ్చేసరికి గొంతులో ట్యూబు. చెయ్యి కదలదు, నాలుక కదలదు. కళ్లు మాత్రం పైకీ కిందికీ తిరుగుతున్నాయి. మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే వర్టిబ్రల్ ఆర్టరీ చీలి, మెదడు కాండంలో బ్రెయిన్‌స్టెమ్ స్ట్రోక్ వచ్చిందని, తెలివి ఉండీ ఒళ్లు కదలని ఈ స్థితిని లాక్‌డ్-ఇన్ సిండ్రోమ్ అంటారని డాక్టరు చెప్పారు. "ఈమెకు అన్నీ వినిపిస్తాయి. అన్నీ అర్థమవుతాయి. మెడకు దెబ్బేమన్నా తగిలిందా?"

"బాత్రూంల జారి పడ్డది సార్," అన్నాడు నా భర్త, నా నుదురు నిమురుతూ.

అందరూ వెళ్లాక నా తొడ మెలిపెట్టేవాడు. కదలిక పోయింది గానీ నొప్పి పోలేదు. ఒకసారి, ఊపిరి ఆడటానికి నా గొంతుకు రంధ్రం చేసి పెట్టిన ట్రకియాస్టమీ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. "ఇప్పుడు ఎవరికి చెప్తవ్?" అన్నాడు. నర్సు అడుగుల చప్పుడు వినబడ్డాకే చెయ్యి తీశాడు. నీలి మచ్చల గురించి అక్క అడిగితే ఇంజెక్షన్లవన్నాడు.

మధ్యలో న్యుమోనియా వచ్చి చావు దాకా వెళ్లాను. తేరుకున్నాక స్పీచ్ థెరపిస్టు ఐ ట్రాకర్ తెచ్చింది. చూపు ఏ అక్షరం మీద నిలిస్తే ఆ అక్షరం తెర మీద పడుతుంది. మొదట కళ్లలో నీళ్లు నిండి కెమెరా నా చూపును పట్టలేకపోయింది. నా చూపు పక్కలకు పోదని గమనించి, ఆమె అక్షరాలను నిలువుగా పేర్చింది.

అతను మంచం పక్కనే ఉన్నాడు. 'అక్క' అని మాత్రం రాశాను. థెరపిస్టు అతణ్ణి బయటికి పంపి, అక్కను పిలిచింది. అప్పుడు రాశాను: 'పడలే. గొంతు పిసికిండు.'

అక్క బిగ్గరగా ఏడ్చింది. ఆ ఏడుపు విని అతను తలుపు తోసుకొచ్చి, స్టాండుతో సహా తెరను నేలకేసి కొట్టాడు. నా ట్యూబు మీదికి వస్తుంటే అక్క అడ్డం పడింది. ఆమె పెదవి పగిలి రక్తం నా దుప్పటి మీద పడింది. సెక్యూరిటీ వాళ్లు అతణ్ణి పట్టుకున్నారు.

"తెర పోతే పోయింది. నేను చదివిన," అంది థెరపిస్టు.

ఇంకో తెర మీద పోలీసులకు వాంగ్మూలం ఇచ్చాను. కేసు నడుస్తోంది. ఇప్పుడు అక్క ఇంట్లో ఉంటున్నాను. కుడి బొటనవేలు కాస్త కదులుతోంది. మింగడం ఇంకా రాలేదు. ఇది కూడా కళ్లతోనే రాస్తున్నాను.

మీ ఇంట్లోనో వార్డులోనో మాట పడిపోయిన మనిషి ఉంటే, ఒక్కసారి అందరినీ, దగ్గరుండి చూసుకునేవాళ్లతో సహా, బయటికి పంపి విడిగా అడగండి. ఔనంటే పైకి, కాదంటే కిందికి చూడమనండి. దీనికి మిషను కూడా అక్కర్లేదు.