నల్లబండ మీద నా పెద్దరికం

మొన్న ప్రొద్దుటూరులో మా పక్కింటి జవళి అంగడి వాళ్ళ అబ్బాయి అండమాను పోయి వచ్చి, తన ఘనకార్యం సెల్‌ఫోనులో చూపించాడు. వీపున గాలి సిలిండరు, కాళ్ళకు రబ్బరు రెక్కలు తగిలించుకొని, ఒడ్డు రాళ్ళ మీద నిలబడి, వెనక అల లేస్తున్న ధ్యాసే లేకుండా పళ్ళికిలిస్తున్నాడు. థూ! సముద్రానికి వీపు చూపించే మొనగాళ్ళను చూస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. అయితే వీడిని మించిన వెధవ ఒకడుండేవాడు, వాడు నేనే.

జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ళ గనిలో మా అక్క మొగుడూ నేనూ పనిచేసే రోజులవి. వానకు నిండిన పాత గని గుంటల్లో ఈది ఈది, నీళ్ళంటే మాకు లెక్కలేకుండా పోయింది. అండమాను దీవిలో రేవు కట్టడానికి నీటి అడుగున దిగేవాళ్ళు కావాలని ఒక మేస్త్రీ వస్తే, వద్దు వద్దంటున్న బావను నేనే బయలుదేరదీశాను. పరీక్షలో నెగ్గితే ఖాయమైన ఉద్యోగం, గని దుమ్ము బాధ ఉండదు. అక్కకు అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు.

అక్కడ మాకు పని నేర్పినవాడు శ్రీకాకుళం వైపు ముసలాయన. రాళ్ళ ఒడ్డున దిగే ముందు ఊరికే నిలబడి అలలను చూడమనేవాడు, పెద్ద అలలు వరసగా వచ్చిపోయాక దొరికే కాస్త తెరిపిలో దిగమనేవాడు, రెక్కలు నడుము లోతు నీళ్ళలోకి పోయాకే తొడగమనేవాడు, పాచి రాళ్ళ మీద పరువు చూసుకోకుండా నాలుగు కాళ్ళ మీద పాకమనేవాడు. మా యాస విని ఆయన ఒకసారి నవ్వాడు, అది నేను మనసులో పెట్టుకోవడానికి చాలింది. ఆయన అటు తిరగ్గానే బావతో అన్నాను: "ఈయప్ప మనకు రాళ్ళ సంగతి చెప్తాండాడు సూడు బావా! చంటిబిడ్డ మాదిరి పాకాలంట!"

పరీక్ష రోజున ముసలాయన అందరికంటే ముందు నీళ్ళలోకి దిగి, పక్కనున్న ఇసుక సందులోంచి రమ్మని చెయ్యి ఊపాడు. మా ఎదుట అచ్చం మా గని బండలాంటి నల్లటి చదును రాయి ఒకటి నీళ్ళలోకి వాలి ఉంది. గనిలో రాయి మంచి చెడ్డలు సుత్తితో తట్టి చూస్తాం, ఖంగుమంటే గట్టిది, బొద్దుమంటే పగులుంది. నేనొక గులకరాయి తీసుకొని తట్టాను, ఖంగుమంది. "మన బండే బావా, రెక్కలు తొడుక్కొని దర్జాగా దిగు" అన్నాను. రాయి గట్టిదే, దాని మీది పాచి ఎంత జారుతుందో ఏ సుత్తి చెబుతుంది? బావ నా మాట నమ్మి అడుగు వేశాడు, రెక్క జారింది, వీపున బరువుతో వెల్లకిలా పడ్డాడు. లేచేలోగా అల వచ్చి కాలును రాళ్ళ సందులోకి తోసింది. నేను గులకరాయి చేతిలో పట్టుకొని కొయ్యలా నిలబడిపోయాను. నేను వెక్కిరించిన ముసలాయనే నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి బావను బయటికి లాగాడు.

మోకాలు నుజ్జయింది. ఉద్యోగం పోయింది, గనికీ పనికిరాకుండా పోయాడు. ఎట్లా జరిగిందని ఊళ్ళో ఎవరడిగినా బావ ఒకటే మాట: "తొందరపడి నేనే జారినా. నా బామ్మర్దే లేకుంటే ఆన్నే సచ్చిపోయి ఉందును." పక్కనే ఉండి నేను కాదనలేదు.

ఇప్పుడు ఆ ఒడ్డున మెట్లు కట్టారట, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు పెట్టారట, నేర్పేవాళ్ళు తిట్టరట, పరువు పోకుండా ఎవరైనా దిగవచ్చునట. మంచిదే. బావ పోయి చాలా ఏళ్ళయింది. అక్క బీడీలు చుట్టి పిల్లల్ని పెంచింది. తను బతికినన్నాళ్ళూ, నేను ముద్దనూరులో వాళ్ళింటికి పోయినప్పుడల్లా, నా మొగుణ్ణి బతికించిన తమ్ముడు అని ఇరుగుపొరుగుకు చెప్పుకుంటూ, సంగటి ముద్ద మీద ఇంకో గరిటె నెయ్యి వేసేది. నేను తినేవాణ్ణి.