సైరన్ మోగితే గోడ దగ్గరికి

మా చిన్నప్పుడు అడవి మధ్య గనుల ఊరు కిరండూల్‌లో సాయంత్రం నాలుగు కాగానే హాకీ ఆగిపోయేది... బంతి ఎక్కడుంటే అక్కడే.

హాస్టల్ గ్రౌండ్ వెనక ఒక కాంట్రాక్టరు కంకర ఖదాన్, అంటే రాళ్ల క్వారీ, ఉండేది. నాలుగింటికి అక్కడ రాళ్లు పేల్చేవారు. ముందుగా ఒక పొడుగు సైరన్. అది వినగానే అందరం హాస్టల్ గోడ దగ్గరికి పరుగెత్తేవాళ్లం. వీపు గోడకు ఆనించి, గొంతుక్కూర్చుని, స్టిక్కు తల మీద అడ్డంగా పట్టుకోవాలి. నేల అదిరేది... పళ్ల మధ్య దుమ్ము కరకరలాడేది. రెండో సైరన్ మోగాకే లేవాలి.

ఈ నియమం మా పీటీ మాస్టారిది. శ్రీకాకుళం నుంచి వచ్చినాయన. ఊరికే పెట్టలేదు. ఒకసారి కోడిగుడ్డంత రాయి హాస్టల్ పైరేకు చీల్చుకుని వచ్చి పప్పు గిన్నెలో పడింది. ఆ రోజు ఎవరూ పప్పు తినలేదు.

ఆ గిన్నె పక్కనే కూర్చుని ఉంది హుంగి.

హుంగిది బాసగూడ దగ్గర పల్లె. హాస్టల్లో ఉండి చదువుకునేది. మా జట్టు గోల్‌కీపర్. బంతి ఎంత వేగంగా వచ్చినా కళ్లు మూసేది కాదు. కానీ ఆ రాయి పడ్డాక, ఏ సైరన్ విన్నా ఆమె ఒళ్లు ఆమె మాట వినడం మానేసింది...

అలాంటి హుంగి దేశపు జూనియర్ బాలికల జట్టుకు ఎంపికైంది. ఇతర దేశాల జట్లు వచ్చే టోర్నమెంటు. ఒడిశాలో ఒక ఉక్కు పట్నంలో. మాస్టారు వెంట వెళ్లారు. హుంగికి తోడుగా నన్నూ తీసుకెళ్లారు.

మేం దిగిన రోజే ఆమె ప్రాక్టీసులో ఉండగా సైరన్ మోగింది. అది ఫ్యాక్టరీలో డ్యూటీ మారే సైరన్. ఊళ్లో ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. హుంగి మాత్రం గోల్ వదిలేసి, గ్యాలరీ గోడ దగ్గరికి పరుగెత్తి, హెల్మెట్ మీద స్టిక్కు పెట్టుకుని కూర్చుంది.

విదేశీ పిల్లలు ఆట ఆపి చూశారు. మన పిల్లలు నవ్వారు. మాస్టారు పరుగున వెళ్లారు.

"లెగమ్మా... ఇది మన సైరను కాదు. డ్యూటీ సైరను. రాళ్లేటీ రావు, లెగు."

ఆమె లేవలేదు. రెండో సైరన్ కోసం చూస్తోంది. ఆ ఊళ్లో రెండో సైరన్ ఉండదు...

జట్టు కోచ్ హిందీలో ఒకే మాట అంది. మ్యాచ్‌లో ఇలా చేస్తే ఆ సాయంత్రం బండికే ఇంటికి పంపిస్తానని.

ఇల్లంటే ఏమిటో కోచ్‌కి తెలియదు. ఆ ఏడు అడవిలో కాల్పుల గొడవలతో బాసగూడ వైపు బస్సులు ఆగిపోయాయి. మా హాస్టల్ పదో తరగతి వరకే. ఈ టోర్నమెంటులో నిలబడితే హుంగికి పెద్ద స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది. లేదంటే పల్లెకు పోవాలి. ఆ ఏడు ఆ దారిన ఇళ్లకు పోయిన పిల్లలెవరూ తిరిగి బడికి రాలేదు.

మ్యాచ్ ఒకటిన్నరకు పెట్టారు. సైరన్ రెండింటికి.

పొద్దున నేను అన్నం ముట్టలేదు. హుంగి తన పళ్లెం ఖాళీ చేసి నా వైపు చూసింది.

"ఏందే, నువ్వు ఆడుతున్నట్టు వణుకుతున్నవ్?"

"సైరన్ మోగితే కూర్చోకే..."

"కూసోవాలని కూసుంటున్ననా? కాళ్లు ఇంటలేవు, ఏం జెయ్యాలె?" అని, నా పళ్లెం లాక్కుంది. "తినవా? ఇటియ్యి మరి."

మ్యాచ్ మొదలైంది. అవతలివాళ్లు పొడుగాటి పిల్లలు. నేను బంతిని చూడలేదు... మాస్టారి చేతి గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన దాన్ని చొక్కా చేతి కిందికి తోసేశారు.

"సూడకే. సూస్తే ఆగిపోద్దేటి?"

సరిగ్గా రెండింటికి ముందు వాళ్లకు పెనాల్టీ కార్నర్, అంటే గోల్ మీదికి దగ్గర్నుంచి కొట్టే అవకాశం, దొరికింది. హుంగి గోల్ గీత మీద వంగి నిలబడింది. వాళ్లు బంతిని కొట్టే పిల్ల వైపు నెట్టారు...

సైరన్ మోగింది.

తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. నేను బెంచీ కింద ఉన్నాను. వీపు గ్యాలరీ గట్టుకు ఆనించి, చేతులు తల మీద పెట్టుకుని. ఎప్పుడు దూరానో తెలియదు. ప్యాడ్‌కు బంతి తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత జనం అరుపు.

"మాస్టారూ... గోలయిందా?"

"నాకేటి తెలుస్తాది? నానూ ఇక్కడే ఉన్నాను గదే!"

పక్క బెంచీ కిందినుంచి వచ్చింది ఆ గొంతు.

గోల్ కాలేదు. ఆ మ్యాచ్ మనవాళ్లు రెండో సగంలో ఓడిపోయారు. కానీ సాయంత్రం బండి మాస్టారూ నేనూ మాత్రమే ఎక్కాం. హుంగి స్టేషన్ దాకా వచ్చింది. ఎలా నిలబడ్డావని అడిగాను.

"మీ దిక్కే చూసిన. ఇద్దరూ బెంచీల కిందికి పోయిన్రు. ఇగ నేను గూడ కూసుంటే బంతిని ఎవరు చూస్తరే?"

నవ్వుతూనే అంది. కానీ నేను బండి ఎక్కేదాకా నా భుజం వదల్లేదు...

తర్వాత విలేకరినయ్యాక చాలా మ్యాచ్‌లు చూసి రాశాను. నాకు బాగా గుర్తున్నది మాత్రం నేను చూడని ఆ గోల్ అడ్డుకోవడమే.

హుంగి ఇప్పుడు రైల్వేలో ఉద్యోగం చేస్తోంది. మాస్టారు లేరు. నిరుడు కిరండూల్ వెళ్లాను. ఆ కంకర ఖదాన్ మూసేశారు, గోతిలో నీళ్లు నిలిచాయి. గ్రౌండ్‌లో ఎవరో పిల్లలు ఆడుతున్నారు. నాలుగైంది... ఏ సైరనూ మోగలేదు. వాళ్లెవరూ ఆట ఆపలేదు. నేనొక్కదాన్నే గోడ ఎక్కడుందా అని వెతుక్కున్నాను. పాత హాస్టల్‌తో పాటు దాన్నీ పడగొట్టేశారట...

మీ ఊళ్లో ఏ చప్పుడు వింటే మీ కాళ్లు వాటంతటవే కదిలేవి? ఇప్పటికీ కదులుతాయా? చెప్పండి...