పటేలమ్మ తమ్ముడి కాగితం

తూంకుంట దగ్గర కొత్త కాలనీ గేటుకు ఒక బోర్డు ఉండేది. నేనూ నా పక్కింటి వదినా రోజూ దాని కింద నుంచే గిన్నెలు తోమడానికి వెళ్లేవాళ్లం. నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకుని ఒకరోజు కూడబలుక్కుని చదివితే, ‘అన్యులకు ప్రవేశం లేదు’ అని ఉంది. వదినకు చెప్పాను.

"మంచిగైంది వదినా, ఇన్నొద్దులు మనకు తెల్వకపాయె," అంది.

వదిన పుట్టింది బంగ్లాదేశ్‌లో. రాళ్ల క్వారీ కూలీలతో చిన్నప్పుడే శామీర్‌పేట వచ్చింది. ఇక్కడి మేస్త్రీని పెళ్లి చేసుకుంది, ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయింది. మాలాగే మాట్లాడేది, మాకంటే బాగా తిట్టేది. ఆమెకు కాగితాలు లేవని అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు.

కాలనీ సంఘం అధ్యక్షుడు పట్టించుకున్నాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి అప్పటికి రెండేళ్లు. ఆయనకు మా ఊరి భద్రత మీద బెంగ పట్టుకుంది. పోలీసులతో మాట్లాడి, ఒక ఆదివారం పటేల్ ఇంటికి వచ్చాడు. కాలనీకి పొలం అమ్మింది పటేలే. మధ్యాహ్నాలు వదినకూ నాకూ పని ఆ ఇంట్లోనే. కాబట్టి తనను వెళ్లగొట్టే మాటలకు చాయ్ వదినే పెట్టింది. నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను.

"చట్టం చట్టమేనండి," అన్నాడు అధ్యక్షుడు కప్పు అందుకుంటూ. "దేశం కాని దేశంలో ఇన్నేళ్లు దొంగచాటుగా ఉంటే అది హక్కయిపోతుందా? మా ఊరి మనిషి కాదని మీరు ఒక్క మాట చెప్పండి, రేపే వ్యాన్ వస్తుంది. కొంచెం పంచదార వేయమ్మా."

వదిన వేసింది.

"రూల్ అంటే రూలే సారూ. గని మల్ల పనిమనిషి దొరకాలె గదా," అన్నాడు పటేల్.

"నేను చూసిపెడతాగా."

"అట్లయితే ఇగ నాదేముంది, చెప్త తియ్యిండ్రి."

వదిన పటేల్ కప్పులోనూ పంచదార వేసింది.

అంతలో లోపల ఫోన్ మోగింది. పటేలమ్మ తమ్ముడిది. అతను దుబాయ్‌లో వీసా అయిపోయినా దాక్కుని పని చేస్తున్నాడు. పటేల్ వెళ్లి ఎత్తాడు.

"ఏంది, మల్ల పట్టుకుంటున్నరా? గన్నేండ్ల సంది వాళ్ల బిల్డింగులు కట్టినవ్ గదరా. కాగితం లేకుంటే మనిషివి గాదా?"

వచ్చి కూర్చుని సంగతి చెప్పాడు. అధ్యక్షుడి ముఖం ఎర్రబడింది.

"అన్యాయమండి. అంతకాలం చాకిరీ చేయించుకుని పొమ్మంటారా? ఉండటానికి కాగితం ఇచ్చి తీరాలి. మానవత్వం ఉండక్కర్లా?"

ఇద్దరూ కలిసి ఆ ప్రభుత్వాన్ని చాలాసేపు తిట్టారు. వదిన ఇంకోసారి చాయ్ పోసింది.

"సరే, మరి ఈవిడ సంగతి?" అన్నాడు అధ్యక్షుడు లేస్తూ.

"రేపు వ్యాన్ రమ్మనుండ్రి."

తలుపు వెనక ఏడుస్తున్న పటేలమ్మ గడప మీదికి వచ్చింది.

"నీకు మతి ఉన్నదా? నా తమ్మునికి కాగితం రావాలని గక్కడ ఎల్లమ్మకు మొక్కిన. గిక్కడ నా గడప మీదికెల్లి ఆడమనిషిని ఎల్లగొట్టి ఉసురు పోసుకుంటవా? వానికి కాగితం వచ్చేదాక దీన్ని ఎవ్వరు కదిలియ్యొద్దు."

"చట్టానికీ మొక్కుకీ సంబంధం ఏమిటండి?"

"మీకు తెల్వది సారూ," అన్నాడు పటేల్. "పోలీసోల్లకు సర్దిచెప్పొచ్చు. ఎల్లమ్మకు చెప్పలేం."

అలా శామీర్‌పేటలో వదిన ఉండాలో పోవాలో తేల్చే పని దుబాయ్ ప్రభుత్వం మీద పడింది.

ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, వదిన చీపురు వదిలేసి గుమ్మం దగ్గర నిలబడేది.

"తమ్మునికి కాగితం వచ్చిందా అమ్మా?"

"ఏడొచ్చిందే."

"అయ్యో," అనేది వదిన. తోడబుట్టిన తనకు కూడా అంత ఆత్రం లేదని పటేలమ్మ అందరితో చెప్పుకునేది.

బోనాలనాడు ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఎల్లమ్మకు దండం పెట్టేవాళ్లు. ఆ కాగితం రావాలని ఒకరు, రావొద్దని ఒకరు. తల్లి ఎవరి మాట విన్నదో గాని, వదిన ఇప్పటికీ మా పక్కింట్లోనే ఉంది.