చిరుతపులి ముందు ఒంటి తుమ్ము

ఆఫ్రికా నుంచి వచ్చి వారమైంది, ఇంకా నా ఒళ్ళు మండుతూనే ఉంది. చిరుతపులి కనిపించిందా అని మాత్రం ఎవరూ అడక్కండి. మా ఆవిడకి కనిపించింది. మా మరదలికి కనిపించింది. మా తోడల్లుడైతే చూడ్డమే కాదు, వీడియో కూడా తీశాడు. ఆ చెట్టు కింద బళ్ళల్లో ఉన్న జనమంతా చూశారు. చూడనివాణ్ణి నేనొక్కణ్ణే! టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

అసలు ఆ ట్రిప్పు నాది. ఏటా నాకొచ్చే సెలవంతా ఊళ్ళో ఎవరిదో పెళ్ళి, ఎవరిదో గృహప్రవేశం అంటూ తగలడిపోతుంది. ఆఫీసులో నా కంప్యూటర్ తెర మీద మాత్రం ఏళ్ళ తరబడి ఒకటే బొమ్మ. చెట్టుకొమ్మ మీద కాళ్ళు వేలాడేసి పడుకున్న చిరుతపులి. ఇన్‌వాయిసులు చూసి చూసి కళ్ళు మంటలెత్తితే, దాన్నో నిమిషం చూసుకుని మళ్ళీ పనిలో పడేవాణ్ణి. ఈసారి ఈద్ సెలవులకి ఏ పెళ్ళికీ వెళ్ళేది లేదని ఇంట్లో తేల్చి చెప్పేశాను. కెన్యా వెళ్తున్నాం. ఐదు రోజులు, మూడు పార్కులు. ఏనుగులూ సింహాలూ కనపడినా కనపడకపోయినా ఫర్వాలేదు, ఒక్క చిరుతపులిని కళ్ళారా చూడాలి. అంతే నా కోరిక.

బండిలో ఇంకో ఇద్దరికి చోటుంది కదా, మా చెల్లెలు వాళ్ళని కూడా రమ్మందాం అంది మా ఆవిడ సునీత. సరే అన్నాను. ఆ సరే అన్న నోటిని ఏం చేసినా పాపం లేదు.

వాళ్ళాయన, అంటే మా తోడల్లుడు ప్రభాకర్, ఇక్కడే బహ్రెయిన్‌లో ఓ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. మంచివాడు. చెడ్డవాడైతే ఏదో ఒక మాట అనేసి తెగతెంపులు చేసుకునేవాణ్ణి, ఈ బాధ ఉండేది కాదు. హెల్మెట్ లేనిదే మేనేజరునైనా సైట్‌లోకి రానివ్వడు. మా ఇంటికొస్తే కాఫీ కంటే ముందు గ్యాస్ ట్యూబు పరీక్ష చేస్తాడు. అంత చదువుకున్నాడా, ఒంటి తుమ్ము వినపడితే మాత్రం వాళ్ళ నానమ్మ కంటే ఎక్కువ హడలిపోతాడు. బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే ఆగాలి, కాసేపు కూర్చోవాలి, మంచినీళ్ళు తాగి అప్పుడు కదలాలి. రెండు తుమ్మితే దోషం లేదు. మనందరి ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళు చెప్పిందే. మనం ఎప్పుడో వదిలేశాం, ఇతను దాన్ని సేఫ్టీ రూల్స్‌లో కలిపేసుకున్నాడు.

ఇక నా సంగతి మీకు తెలుసు. ఇక్కడ దుమ్ము గాలి లేస్తోందంటే హమద్ టౌన్ మొత్తంలో ముందు తెలిసేది నా ముక్కుకే. డాక్టరు మాత్రలిచ్చాడు, కానీ వేసుకుంటే పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే ఉంటాను. సునీత వాటిని బ్యాగులో పెట్టబోతే నేనే తీసి పక్కన పడేశాను. అంత దూరం వెళ్ళి బండిలో గుర్రు పెట్టడానికా అన్నాను. పైగా నా తుమ్ము ఎప్పుడొచ్చినా ఒక్కటే వస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే. నా ముక్కు నా మాట వింటే ఇంత కథ ఎందుకు?

మొదటి తుమ్ము మా బిల్డింగు కిందే వచ్చింది. సూట్‌కేసులన్నీ దించాం, తెలిసిన మలయాళీ డ్రైవర్ డిక్కీ తెరిచి ఉంచాడు, తుమ్మాను. ప్రభాకర్ వెనక్కి తిరిగి లిఫ్టు బటన్ నొక్కాడు. సామాన్లతో సహా అందరం పైకి. తాళం తీసి, సోఫాలో వరసగా కూర్చోబెట్టి, తలా గ్లాసు నీళ్ళు తాగించి, మళ్ళీ కిందికి దించాడు. డ్రైవరు వాచీ చూపిస్తూ యల్లా భాయ్, యల్లా, పదండి పదండి అని మొత్తుకుంటున్నాడు. ఎయిర్‌పోర్టులో మేం పరుగెత్తిన పరుగు నా పగవాడికి కూడా వద్దు. అప్పటికింకా నాకు నవ్వొచ్చింది చూశారూ, అదీ నా తెలివి.

మొదటి పార్కు అంబోసెలి. దూరంగా పెద్ద మంచుకొండ, ముందు ఏనుగుల మందలు, అంతా బ్రహ్మాండంగా ఉంది, ఒక్క దుమ్ము తప్ప. ఏనుగు అడుగు తీసి అడుగు వేస్తే మేఘం లేస్తోంది. జీపు పైకప్పు ఎత్తి పెడతారు, అందులోంచి నిలబడి చూడాలి. గేటు దాటామో లేదో తుమ్మాను. ప్రభాకర్ వెంటనే స్టాప్, స్టాప్ అని డ్రైవర్ భుజం తట్టాడు. డ్రైవర్ పేరు జోసెఫ్, నెమ్మదైన మనిషి. మన తుమ్ముల సంగతి అతనికేం తెలుసు? ఎవరో జంతువుని కనిపెట్టారనుకుని బండి ఆపి, ఇంజన్ కట్టేసి, బైనాక్యులర్స్ పెట్టుకుని గడ్డిలోకి చూడ్డం మొదలుపెట్టాడు. ఇవతల ప్రభాకరేమో నీళ్ళ బాటిల్ మూత తీసి అందరికీ అందిస్తున్నాడు.

సఫారీలో ఒక బండి ఆగిందంటే అక్కడేదో ఉందని లెక్క. మా వెనక వస్తున్న బండి ఆగింది. దాన్ని చూసి ఇంకోటి ఆగింది. చూస్తుండగానే మా చుట్టూ బళ్ళు మూగేశాయి. ఒక్కొక్కడి చేతిలో మోచెయ్యంత కెమెరా. ఎవరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చట్లేదు. పక్క బండిలోంచి ఓ తెల్ల పెద్దాయన వంగి, ఏముంది అక్కడ అని గుసగుసగా అడిగాడు. ఏ జింకో అని చెప్పి పంపెయ్యొచ్చు కదా. ప్రభాకర్ అబద్ధమాడడు.

"నథింగ్ సర్. హీ స్నీజ్డ్. ఓన్లీ వన్," అని నన్ను వేలుపెట్టి చూపించాడు.

అంతమంది కెమెరాలు దించి నా వైపు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక సీటు కిందికి వంగిపోయింది. ఇంక ఆ సాయంత్రం నేనెవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు, అదింకో మంట.

రెండో పార్కు నకూరు. అక్కడికొచ్చేసరికి జోసెఫ్ కూడా అటు చేరిపోయాడు. నేను తుమ్మగానే అద్దంలోంచి చూసి, వన్ ఆర్ టూ అని అడగడం. వన్ అంటే ప్రభాకర్ చెప్పకుండానే బండి పక్కకి తీయడం. డబ్బులిచ్చి పెట్టుకున్న డ్రైవర్ నా మాట వినడేం? ఖడ్గమృగం రోడ్డు పక్కనే ఉందని రేడియోలో కబురొస్తే బయల్దేరాం. దారిలో నా తుమ్ము, ఆగడం, మంచినీళ్ళు. మేం వెళ్ళేసరికి దాని వెనకభాగం పొదల్లోకి వెళ్ళిపోతోంది. వెనకైనా దక్కింది లెండి బావగారూ అంది మా మరదలు లత. ఓదారుస్తోందో వెక్కిరిస్తోందో నాకిప్పటికీ తెలీదు.

అప్పుడు నేనొక పిచ్చిపని చేశాను. తుమ్ము శకునం ఇంటి గడప దాటేటప్పుడే, నడిదారిలో చెల్లదు అని ప్రభాకర్‌తో వాదన పెట్టుకున్నాను. ఏ శకునాన్నీ నమ్మనివాణ్ణి, కూర్చుని శకునశాస్త్రం మాట్లాడుతున్నాను! అతను శ్రద్ధగా విని, జంతువు కోసం బండి కదిలిన ప్రతిసారీ కొత్త ప్రయాణమే కదన్నయ్యా అన్నాడు. మిగతా రోజంతా తడి రుమాలు ముక్కుకి కట్టుకుని కూర్చున్నాను. బ్యాంకు దోచుకోవడానికి వెళ్ళేవాడిలా ఉన్నారంది మా ఆవిడ.

ఆఖరిది మసాయి మారా. సింహాలు బోలెడు కనిపించాయి. వీధికుక్కల్లా వెల్లకిలా పడి నిద్రపోతున్నాయి. చిరుతపులి జాడ మాత్రం లేదు. నిన్న ఇక్కడే ఉంది, పొద్దున అక్కడ చూశారట అనే మాటలే. ఆఖరి పొద్దుటికి నాకు ఆశ కూడా పోయింది. మధ్యాహ్నానికి నైరోబీ బయల్దేరి విమానం ఎక్కాలి. అంతలో జోసెఫ్ రేడియో గరగరలాడింది. వాగు ఒడ్డున చెట్టు మీద చిరుతపులి!

జోసెఫ్ బండి తిప్పాడు, గుంతల్లో ఎగిరెగిరి పడుతూ పోతున్నాం, ముందు బండి లేపిన దుమ్మంతా మా మొహాల మీద. రుమాలు ఎక్కడో జారిపోయింది. తుమ్మాను.

జోసెఫ్ అద్దంలోకి చూశాడు. బండి ఆగిపోయింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఐదు రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చేసింది. చదువు ఎందుకయ్యా నీకు అన్నాను. నిన్ను తీసుకొచ్చినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలన్నాను. లత మొహం చిన్నబోయింది. సునీత నా చెయ్యి గిల్లుతూనే ఉంది.

"ఇన్నిసార్లు తుమ్మాను కదా, ఒక్కసారైనా ఏమైనా అయిందా? చెప్పు ప్రభాకర్, ఒక్కసారి."

"ఆగాం కాబట్టే కాలేదన్నయ్యా," అన్నాడు నెమ్మదిగా. "మా సైట్‌లోనూ ఇదే అడుగుతారు. యాక్సిడెంట్లు లేనప్పుడు నువ్వెందుకని."

ఆ మనిషికి ఏం చెప్తారు మీరు? నేను జోసెఫ్ సీటు మీద చరిచి, నో వాటర్, గో అన్నాను. అతను పాపం మా ఇద్దరి మొహాలూ చూసి, చివరికి బండి కదిలించాడు. ప్రభాకర్ సీట్‌బెల్ట్ ఇంకాస్త బిగించుకున్నాడు.

వెళ్ళాం. నిజంగానే ఉంది. చెట్టు చుట్టూ అరడజను పైగా బళ్ళు, అన్నీ ఇంజన్లు ఆపేసి ఉన్నాయి. ఆకుల మధ్య మొహం అటు తిప్పుకుని పడుకుని ఉంది. నాకు కనిపించిందల్లా వేలాడుతున్న తోక, ఓ వెనక కాలు. జోసెఫ్ ఎవరికీ అడ్డం రాకుండా సందు చూసి బండిని ఎంత దగ్గరికి తీసుకెళ్ళాడో. ఇటు తిరిగిందంటే మొహం సరిగ్గా మీ ఎదురుగానే ఉంటుందన్నాడు. నేను టోపీ తీసేశాను, ఎందుకో తెలీదు. బైనాక్యులర్స్ పెట్టుకుని ఫోకస్ తిప్పుకుంటున్నాను. మచ్చలు ఒక్కొక్కటే స్పష్టంగా కనపడుతున్నాయి. ప్రభాకర్ మీద కోపం కూడా పోయింది. వెనక్కి తిరిగి అతన్ని కూడా చూడమందామనుకున్నాను.

సరిగ్గా అప్పుడు ముక్కులో మొదలైంది. ముక్కు దూలం నొక్కాను. నాలుక కొరుక్కున్నాను. ఊపిరి బిగబట్టాను. మా నాన్న తుమ్మితే పక్కింటివాళ్ళ చేతిలో పాలగిన్నె జారిపోయేదని మా అమ్మ చెప్పేది. ఆస్తులేమీ రాలేదు కానీ ఆ తుమ్ము మాత్రం నాకే వచ్చింది.

తుమ్మేటప్పుడు ఎవరికైనా కళ్ళు మూతపడతాయి కదా. తెరిచేసరికి చెట్టుంది, కొమ్మ ఉంది, ఆకులు ఊగుతున్నాయి. చిరుతపులి లేదు.

అందరూ కలిసి కొడతారేమోనని తల దించుకున్నాను. తీరా చూస్తే పక్క బండిలో ఒకావిడ నాకు బొటనవేలు ఎత్తి చూపిస్తోంది. వెనక బండిలో వాళ్ళు ఒకరినొకరు కావలించుకుంటున్నారు. అది తెల్లారినప్పట్నుంచీ వీపు తిప్పుకునే పడుకుందట, ఎవరికీ మొహం చూపించలేదట. నా తుమ్ముకి ఉలిక్కిపడి లేచి నిలబడి, నేరుగా మా వైపు తిరిగి చూసి, ఒళ్ళంతా సాచి అంత ఎత్తు నుంచి దూకిందట. ఎన్నేళ్ళు తిరిగినా అలాంటి ఫోటో పడదని జోసెఫ్ కూడా పొంగిపోతున్నాడు. ఎంత అందంగా దూకిందో బావగారూ అని లత కళ్ళు పెద్దవి చేసుకుని చెప్తోంది. నాకా చెప్తారు! ప్రభాకర్ వీడియోలో ముందు నా తుమ్ము వినిపిస్తుంది, తర్వాత అది దూకుతుంది. మీ అందరికీ ఈపాటికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది.

నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. ప్రభాకర్ ఏదైనా అంటే పోట్లాడేవాణ్ణి, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. బాటిల్ మూత తీసి నా చేతిలో పెట్టాడు. తాగాను. నా చెవి దగ్గరికి వంగి, "దూరం పోయుండదన్నయ్యా, ఆ పొదల్లోనే ఉంటుంది. ఇంకొక్కటి తుమ్మండి, దోషం పోతుంది," అన్నాడు.

నేను తిట్టాలి కదా. తిట్టలేదు. టిష్యూ పేపరు సన్నగా మెలిపెట్టి ముక్కులో దూర్చుకుని, సూర్యుడి వైపు మొహం ఎత్తి, నోరు తెరుచుకుని కూర్చున్నాను. జోసెఫ్ ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా నాకోసం ఆగాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ నా ముక్కు వైపే చూస్తున్నారు. రాలేదు. అన్ని రోజులు నన్ను పీక్కుతిన్న తుమ్ము, నేను బతిమాలుకుంటే రాలేదు. లత మిరియాల పొడి ఇచ్చింది, దానికీ రాలేదు. చివరికి విమానం టైమైపోతోందని జోసెఫ్ బండి తిప్పేశాడు.

వచ్చింది లెండి, రాకుండా ఎక్కడికి పోతుంది? బహ్రెయిన్‌లో దిగి, లగేజి బెల్టు దగ్గర నిలబడగానే వచ్చింది, పెద్దది, హాయిగా. ప్రభాకర్ మొహం వెలిగిపోయింది.

"రెండోది కూడా పడిందన్నయ్యా, ఇక నిశ్చింతగా వెళ్ళొచ్చు," అన్నాడు నా వీపు తట్టి.

ఎక్కడికండీ వెళ్ళేది? పొద్దున్నే డ్యూటీ!